కంచె స్తంభం: దెబ్బతిన్నా సులువుగా బాగుపడే అమరికల చరిత్ర

కంచెలో తీగను, కర్రను, పలకను నిలబెట్టి మోసేది కంచె స్తంభం. కర్రదైతే గుంజ, రాట అంటారు. రాతిదైతే తెలంగాణలో కడీ, రాయలసీమలో రాతి కూసం. ఎంత గట్టి స్తంభమైనా ఏదో ఒకనాడు దెబ్బ తినక తప్పదు. ఎద్దు ఒళ్ళు రుద్దుకుంటుంది, ట్రాక్టరు తగులుతుంది, చెట్టు విరిగి పడుతుంది, వరద తోస్తుంది, చెదలు తింటాయి. అప్పుడు కంచె మొత్తం విప్పకుండా పాడైన ముక్క ఒక్కటే మార్చుకోగలమా? ఇది స్తంభం బలం కన్నా దాని అతుకుల మీద, పాతిన తీరు మీద ఎక్కువ ఆధారపడుతుంది. కంచెల చరిత్రలో ఈ సంగతికి దక్కాల్సిన చోటు దక్కలేదు. చాలాకాలం ఎక్కువమంది విరగని స్తంభం కోసమే వెతికారు.

విరిగేది ఎక్కడ

స్తంభం మీద పడే తోపు ప్రభావమంతా నేలమట్టం దగ్గర పోగవుతుంది. నాలుగడుగుల ఎత్తున పశువు భుజంతో నెడితే పైన కొంచెం ఊగినట్టే కనబడుతుంది గాని, అసలు ఒత్తిడి మొదలు దగ్గర ఉంటుంది. కర్రకైతే కుళ్ళు కూడా అక్కడే పడుతుంది. లోతు మట్టిలో గాలి చాలదు, నేలకు బాగా పైన తేమ నిలవదు. రెండూ కలిసి దొరికేది నేలమట్టానికి కాస్త పైనా కిందా ఉండే జానెడు మేరలోనే. పాత గుంజను పీకి చూస్తే చాలాసార్లు అడుగు మొన అలాగే ఉంటుంది, పైభాగం గట్టిగానే ఉంటుంది, నడుమ మాత్రం గోటితో గిల్లితే పొడి రాలుతుంది.

మరమ్మతులో చెమట పట్టించేది విరిగిన పైముక్క కాదు, నేలలో మిగిలిన మొద్దు. మట్టి, రాళ్ళు దట్టించి పాతినదైతే చుట్టూ గడ్డపారతో పొడిచి పైకి లాగవచ్చు. కాంక్రీటు పోసి పాతినదైతే ఆ ముద్దను పగలగొట్టాలి, లేదా పక్కన కొత్త గొయ్యి తీయాలి. పక్కన తీస్తే స్తంభాల మధ్య ఎడం మారిపోయి పాత పలకలు, వాసాలు సరిపోవు. గుంతనిండా కాంక్రీటు పోయడం చూడటానికి గట్టి పనే. తర్వాతెప్పుడో ఆ స్తంభం మార్చాల్సి వచ్చినవాడికి మాత్రం అది శిక్ష.

పాతకాలపు అతుకులు

రోమన్ రచయిత వర్రో క్రీ.పూ. 37 ప్రాంతంలో రాసిన వ్యవసాయ గ్రంథంలో కంచెలను నాలుగు రకాలు చేశాడు: మొక్కలతో పెంచేది, కర్రలతో కట్టేది, కందకం తవ్వి గట్టు పోసేది, గోడ. కర్ర కంచెల్లో అతను చెప్పిన ఒక పద్ధతిలో వెడల్పాటి గుంజలకు రంధ్రాలు తొలిచి, వాటిలోంచి రెండు మూడు పొడుగు వాసాలు దూరుస్తారు. మేకుతో పని లేదు. వాసం విరిగితే లాగేసి ఇంకొకటి దూర్చుకోవచ్చు.

దీనికి దగ్గరి అతుకు మన దేశంలో రాతిలో నిలిచిపోయింది. భర్హుత్, సాంచి, అమరావతి స్తూపాల చుట్టూ కట్టిన రాతి ప్రాకారాలు కర్ర కంచెకు రాతి రూపాలే. నిలువునా స్తంభం, రెండు స్తంభాల నడుమ అడ్డంగా సూచులు, అన్నింటి మీదా ఉష్ణీషమనే పైబండల వరుస. అమరావతి స్తంభాల పక్కల్లో సూచులు కూర్చోవడానికి మూడేసి గుంటలు తొలిచారు. స్తంభం దానమిచ్చిన వారెవరో, సూచి ఇచ్చిన వారెవరో శాసనాల్లో విడివిడిగా చెక్కారు. అంటే ప్రాకారాన్ని విడి భాగాల కూర్పుగానే లెక్కించారన్నమాట. అయితే మరమ్మతు చేయాల్సి వస్తే ఇందులో ఒక చిక్కుంది. సూచి కొనలు రెండూ రెండు స్తంభాల గుంటల్లో బిగుసుకొని ఉంటాయి, పైన ఉష్ణీషం బరువు. నడిమి సూచి పగిలితే పైబండ ఎత్తి, ఒక స్తంభాన్ని పక్కకు జరిపితే గాని అది బయటికి రాదు. వర్రో చెప్పినట్టు రంధ్రం ఇటునుంచి అటు తొలిచి ఉంటే ఈ బాధ లేదు. భక్తులు కలకాలం నిలవాలని కట్టిన ప్రాకారానికి మరమ్మతు సౌకర్యం అవసరమనిపించి ఉండకపోవచ్చు. పొలం కంచెకు మాత్రం గుంట సగంలో ఆగిందా, అవతలికి పోయిందా అన్నదే అసలు తేడా.

అమెరికాకు వలస వెళ్ళిన ఐరోపా రైతులు ఈ సమస్యను మొదట్లో మరోలా దాటేశారు. స్తంభాన్నే తీసేశారు. చీల్చిన దుంగలను వంకరటింకర వరుసలో ఒకదాని కొన మీద మరొకటి పేర్చుకుంటూ పోయే ఆ కంచెకు గొయ్యి అక్కరలేదు. దుంగ పుచ్చితే ఎత్తి కొత్తది పెట్టడమే. కాని దానికి కలప చాలా కావాలి, వంకర వరుస కింద బోలెడు నేల పోతుంది. అడవులున్న తూర్పు రాష్ట్రాల్లో ఇది చెల్లింది గాని, చెట్టు లేని పడమటి మైదానాల్లో చెల్లలేదు.

తీగ వచ్చాక

ఇల్లినాయ్ రాష్ట్రంలోని డికాల్బ్ రైతు జోసెఫ్ గ్లిడెన్‌కు 1874 నవంబరు 24న ముళ్ళతీగ మీద పేటెంటు దక్కింది. స్తంభాల మధ్య పని పంపకం దీనితో మారిపోయింది. తీగ బిగువునంతటినీ మోసేవి మూల స్తంభాలు. అందుకే వాటికి ఏటవాలు ఊతాలు పెట్టి బలంగా కడతారు. నడుమ స్తంభాల పని తీగను సరైన ఎత్తులో పట్టుకోవడం వరకే. తెలిసిన పనివాడు నడుమ గుంజలకు కొట్టే యు ఆకారపు మేకును పూర్తిగా దిగగొట్టడు, తీగ కదలడానికి కాస్త సందు ఉంచుతాడు. దాంతో చెట్టుకొమ్మ పడితే ఆ తాకిడి ఒక్కచోట ఆగకుండా తీగ పొడుగునా పంచుకుంటుంది. నడుమ గుంజ ఒకటి విరిగినా బిగువు పోదు. మేకులు ఊడదీసి, గుంజ మార్చి, మళ్ళీ కొడితే సరి.

కలప దొరకని కాన్సస్ మధ్యభాగంలో రైతులు 19వ శతాబ్దం చివర్లో సున్నపురాయి స్తంభాలు వాడారు. అక్కడి నేల కింద పలచని పొరగా దొరికే ఆ రాయి తవ్వినప్పుడు మెత్తగా ఉండి, గాలి తగిలాక గట్టిపడుతుంది. వరుసగా రంధ్రాలు వేసి, చీలలు దిగగొట్టి చీల్చేవారు. నిప్పుకు కాలదు, కుళ్ళదు. మేళ్ళు ఇన్ని ఉన్నా బరువు అపారం, మేకు దిగదు. తీగను విడిగా వేరే తీగతో రాతికి చుట్టి కట్టాల్సివచ్చేది. తర్వాత ఉక్కు స్తంభాలు వచ్చి ఆ రాళ్ళ కాలం ముగిసింది గాని, నాటి స్తంభాలు కాన్సస్ పొలాల్లో ఇంకా చాలాచోట్ల నిలిచే ఉన్నాయి.

20వ శతాబ్దపు ఉక్కు స్తంభం, ముఖ్యంగా ఇంగ్లిషు టి అక్షరం ఆకారంలో ఉండేది, బాగుచేసుకునే సౌకర్యంలో అన్నింటినీ మించింది. పాత రైలుపట్టాలను ఎర్రగా కాల్చి సాగదీసి కూడా వీటిని తయారుచేశారు. దీనికి గొయ్యి అక్కరలేదు, పైనుంచి బాదితే దిగుతుంది. అడుగున రెక్కలాంటి రేకు మట్టిని పట్టుకుంటుంది. ముఖాన వరుసగా బొడిపెలు ఉంటాయి గనుక తీగ జారదు, చిన్న క్లిప్పు తీగను స్తంభానికి పట్టి ఉంచుతుంది. వంగితే నిలబెట్టి సరిచేయవచ్చు. పనికిరాకపోతే మీటతో పైకి లాగి అదే కన్నంలో కొత్తది దించవచ్చు. పాడయ్యే వస్తువుల్లో అన్నిటికన్నా చవకైనది ఆ క్లిప్పే. మంచి అమరిక లక్షణం అదే: ముందుగా పోయేది చవకది, చేతికి అందేది కావాలి.

చెక్కకు మందు

పశ్చిమ ఆస్ట్రేలియాలో కుందేళ్ళను ఆపడానికి 1901లో మొదలుపెట్టి 1907కి పూర్తిచేసిన మూడు కంచెలు కలిపి 3,256 కిలోమీటర్లు. మొదట వాడిన కొన్ని స్థానిక కలప రకాలకు చెదలు పట్టి స్తంభాలు మార్చాల్సివచ్చింది. కలప దొరకని చోట ఇనుప స్తంభాలు పాతారు. ఒంటెలతో తిరుగుతూ కంచెను చూసుకునే కాపలాదారులు ఆ ఎడారిలో ఏళ్ళ తరబడి మరమ్మతులు చేశారు. అంత పొడవు కంచెకు కట్టిన ఖర్చుకన్నా కాపాడే ఖర్చే తెగనిది.

కలపకు ఆయుష్షు పోసే ప్రయత్నాల్లో 1838లో ఇంగ్లండులో జాన్ బెతెల్ పేటెంటు పొందిన పద్ధతి ముఖ్యమైనది. మూసిన తొట్టిలో ఒత్తిడితో తారునూనెను కలపలోకి ఎక్కించడం దాని సారం. రెండో పెద్ద అడుగు మన దేశంలో పడింది. దెహ్రాదూన్ అటవీ పరిశోధన సంస్థలో పనిచేసిన సొంటి కామేశం 1933లో రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిపిన మందును రూపొందించారు. నీటితో కలపలోకి ఎక్కి, ఆ తర్వాత కలపలోనే గట్టిగా పట్టుకొని వానకు కొట్టుకుపోకుండా ఉండటం దాని గొప్ప. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, అమెరికా దేశాల్లో పచ్చరంగు దేరిన కంచె గుంజలన్నీ ఆ ఆలోచనకు వారసులు. ఈ పేరు తెలుగు పాఠ్యపుస్తకాల్లో ఉండదగినది.

ఆ మందుకు మరో ముఖం ఉంది. అందులో ఆర్సెనిక్ ఉంది కాబట్టి విరిగిన గుంజను పొయ్యిలో పెట్టకూడదు, బూడిద సైతం విషమే. నిప్పంటుకుంటే మంట ఆరాక కూడా లోలోపల రగులుతూ ఉంటుంది. 2004 నాటికి అమెరికాలో ఇళ్ళ దగ్గరి వాడకం చాలావరకు ఆగిపోయింది. న్యూజిలాండ్‌లోని మార్ల్‌బరో ద్రాక్షతోటల్లో కోత యంత్రాలు తగిలి విరిగిన గుంజలు గుట్టలుగా పడటంతో, వాటిని సరిచేసి పశువుల కంచెలకు మళ్ళీ వాడటం మొదలుపెట్టారు. తీగ పందిరికి పొట్టిదైన ముక్క పశువుల కంచెకు సరిపోతుంది.

కాంక్రీటు

ఇనుప కడ్డీలు పెట్టిన కాంక్రీటు స్తంభాలు పొలాల్లో ఎలా పోసుకోవాలో అమెరికా వ్యవసాయ శాఖ 1910లోనే రైతులకు చిన్న పుస్తకం వేసి చెప్పింది. కుళ్ళు, చెదల బాధ తీరింది గాని కాంక్రీటు మరమ్మతుకు మొండిది. పగులు పడితే నీరు దిగుతుంది, కడ్డీ తుప్పుపట్టి ఉబ్బుతుంది, ఉబ్బిన తుప్పు పైపొరను ఊడగొడుతుంది. ఆ దశలో సిమెంటు పూత పూయడం కంటికి ఊరటే తప్ప మందు కాదు.

కాంక్రీటును తెలివిగా వాడింది బ్రిటన్. అక్కడ ఇళ్ళ కంచెలకు రెండు పక్కలా గాడి ఉన్న స్తంభాలు పాతి, చెక్క పలకను పైనుంచి గాడిలోకి జారుస్తారు. గాలివానకు పలక పగిలితే పైకి లాగి కొత్తది జారవిడిస్తే పని అయిపోతుంది, స్తంభాన్ని ముట్టుకోనక్కరలేదు. ఇప్పటికే కుళ్ళిన కర్రగుంజలకు వాళ్ళు చేసే చికిత్స ఇంకా బాగుంటుంది. గుంజ పక్కనే గొయ్యి తీసి, తల ఏటవాలుగా ఉన్న పొట్టి కాంక్రీటు దిమ్మ ఒకటి నిలబెట్టి, దాని రంధ్రాల గుండా బోల్టులు వేసి గుంజ పైభాగాన్ని దానికి బిగిస్తారు. కుళ్ళిన అడుగుభాగాన్ని కోసేస్తారు. కంచె ఉన్నచోటే ఉంటుంది, తీగో పలకో విప్పే పని ఉండదు, మంచి చెక్క వృథా పోదు. విరిగేది నేలమట్టం దగ్గరేనని గ్రహించి, ఆ ఒక్క చోటుకే చేసిన వైద్యం ఇది.

రోడ్లు, వరదలు

రహదారుల మధ్య ఉక్కుతాళ్ళ కంచెల్లో స్తంభం విరగడానికే ఉంటుంది. వాహనం గుద్దితే సన్నని స్తంభాలు ఒక్కొక్కటే పడిపోతాయి, తాళ్ళు వాహనాన్ని ఆపి పక్కకు మళ్ళిస్తాయి. స్వీడన్ 1998లో యెవ్లె దగ్గర ఇ4 రోడ్డుమీద మొదలుపెట్టిన మూడు వరసల రోడ్లలో, ఎదురెదురు వాహనాలను వేరుచేయడానికి ఇలాంటి కంచె పెట్టారు. ఎదురుగా గుద్దుకొనే ప్రమాదాలు బాగా తగ్గాయి. సన్నటి రోడ్డు కావడంతో కంచెకు చిన్నాచితకా దెబ్బలు తరచు తగులుతాయి. అందుకే ఇలాంటి కంచెలకు నేలలో కాంక్రీటు దిమ్మ పోసి, అందులో గొట్టంలాంటి గుంట ఉంచుతారు. పనివాళ్ళు వచ్చి వంగిన స్తంభాన్ని గుంటలోంచి లాగి, కొత్తది దించి, తాళ్ళు సర్దుకొని పోతారు. తవ్వకం లేదు, కాంక్రీటు ఆరేదాకా కాపలా లేదు.

వాగులు దాటే కంచెలకు ఆస్ట్రేలియా రైతులు వేరే దారి పట్టారు. నీటి తోపుకు స్తంభం ఎదురునిలవకుండా నేలమీదికి వాలిపోయేలా మొదలు దగ్గర బందు పెడతారు. చెత్త కొట్టుకువచ్చి తోస్తే కంచె పడుకుంటుంది, వరద పోయాక లేపి నిలబెడతారు. అమెరికా పడమటి కొండల్లోనూ మంచు బరువుకు విరగకుండా శీతకాలం ముందే దించేసే కంచెలున్నాయి.

తెలుగు నేల మీద

మన ఊళ్ళలో పాత కంచెలన్నీ ఏటేటా బాగుచేసుకునేవే. తాటిమట్టల దడి, వెదురు దడి, తుమ్మకంప. వాటిలో ఏ భాగమూ ఖరీదైనది కాదు, ఏదీ కలకాలం ఉంటుందని ఎవరూ ఆశించలేదు. గట్ల మీద గిరిపుష్పం కొమ్మలు నాటితే వేళ్ళు దిగి గుంజలే చెట్లవుతాయి. ఒకటి చచ్చిపోతే పక్క చెట్టు కొమ్మే కొత్త గుంజ. మధ్య అమెరికా దేశాల్లో ఇదే మొక్కను తీగ కంచెలకు విస్తారంగా వాడతారు.

గ్రానైటు దండిగా దొరికే తెలంగాణ, రాయలసీమల్లో రాతి కడీ రాజ్యమేలింది. దానికి వానా చెదలూ లెక్కలేదు. కాని రాయి నొక్కుడుకు ఓర్చుకున్నంతగా వంపుకు ఓర్చుకోదు. ట్రాక్టరు తొట్టి తగిలితే నేలమట్టం దగ్గర కటుక్కున విరుగుతుంది, అతుక్కోదు. విరిగిన పైముక్కను రైతులు పారేయరు, పొట్టి కంచెకో మూల ఊతానికో వాడుకుంటారు. ఇప్పుడు వాటి చోటును సిమెంటు స్తంభాలు తీసుకుంటున్నాయి. అడవి పందుల కోసం పెట్టే సోలార్ కంచెలకైతే బలమైన స్తంభం అవసరమే లేదు. జంతువును ఆపేది చిన్న షాకు గనుక, చేత్తో పీకి మార్చుకోగల సన్నని కడ్డీలు చాలు. దానికి బదులు కరెంటు లైను నేరుగా తీగకు తగిలించడం మనుషుల ప్రాణాలు తీస్తోంది, అది నేరం కూడా.

సిమెంటు స్తంభాలకు అచ్చులోనే రంధ్రాలు ఉంచుతారు. ముళ్ళతీగను ఆ రంధ్రాల్లోంచే దూర్చుకుంటూ పోతే కంచె నీటుగా కనిపిస్తుంది గాని, ఒక్క స్తంభం విరిగితే ఆ వరుస తీగనంతా కోయాలి, లేదా చివరిదాకా లాగాలి. అనుభవమున్న కంచె పనివాళ్ళు ముళ్ళతీగను స్తంభం ముఖం మీదుగా పోనిచ్చి, రంధ్రంలోంచి జానెడు బైండింగ్ వైరు ముక్కను మాత్రం తిప్పి ముడేస్తారు. స్తంభం పోయిన రోజున ఆ ముడులు తెంపి కొత్త స్తంభం నిలబెడితే ముళ్ళతీగ ఎక్కడిదక్కడే ఉంటుంది.