తామర పురుగులలో గూఢ జాతులు

పైకి ఒకే విధంగా కనిపిస్తూ, జన్యుపరంగా వేర్వేరుగా ఉండి, సాధారణంగా పరస్పరం సంకరం చెందని జీవులను గూఢ జాతులు అంటారు. పంటల లేత ఆకులను, పువ్వులను గీరి రసం పీల్చే తామర పురుగులలో ఇటువంటి జాతులు ఉన్నాయి. త్రిప్స్ అని కూడా పిలిచే ఈ కీటకాలు సాధారణంగా 1 నుండి 2 మిల్లీమీటర్ల పొడవు మాత్రమే ఉంటాయి. అందువలన గూఢ జాతులే కాక, సూక్ష్మదర్శినితో వేరుచేయగల జాతులు కూడా పొలంలో ఒకటిగానే కనిపిస్తాయి.

పటాన్‌చెరు పరిశోధనలు

సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరులో 1972లో ఇక్రిశాట్ సంస్థ స్థాపించబడినది. అప్పట్లో ఈ ప్రాంతం మెదక్ జిల్లాలో ఉండేది. వేరుశనగలో మొవ్వు కుళ్ళు తెగులుకు టమాటో స్పాటెడ్ విల్ట్ వైరస్ కారణమని ఈ సంస్థ శాస్త్రజ్ఞులు 1979లో పేర్కొన్నారు. దీనిని సిర్టోత్రిప్స్ డార్సాలిస్, ఫ్రాంక్లినియెల్లా షుల్ట్‌జీ అనే తామర పురుగులు వ్యాపింపజేస్తాయని 1981లో తెలిపారు. అయితే ముఖ్య వాహకం త్రిప్స్ పామి అనే మరొక జాతి అని 1990 నాటి నుండి వెలువడిన పరిశీలనల వలన తెలిసింది. 1992లో వైరస్ కూడా వేరైనదేనని నిరూపించి, దానిని పీనట్ బడ్ నెక్రోసిస్ వైరస్‌గా గుర్తించారు. ఈ విధంగా ఒకే తెగులు విషయంలో పురుగునూ, వైరస్‌నూ రెండింటినీ తిరిగి గుర్తించవలసి వచ్చినది.

జన్యు పరీక్ష

పిల్ల పురుగులను రూపాన్ని బట్టి గుర్తించడం చాలా కష్టం. మైటోకాండ్రియాలోని సీఓఐ జన్యుభాగాన్ని చదివితే పిల్ల పురుగు జాతి కూడా తెలుస్తుంది. కాని మైటోకాండ్రియా తల్లి నుండి మాత్రమే సంక్రమిస్తుంది కనుక, ఇది తల్లి వంశాన్ని మాత్రమే చూపుతుంది. రెండు సమూహాలు సంకరం చెందుతున్నాయో లేదో తెలియాలంటే కేంద్రక జన్యువులను కూడా పరిశీలించాలి. ఒకే చోట నివసించే రెండు సమూహాల కేంద్రక జన్యువులు కలవకుండా ఉంటే, అవి వేర్వేరు జాతులని భావిస్తారు.

ఇటువంటి పరిశీలన వలన, మిరపను ఆశించే సిర్టోత్రిప్స్ డార్సాలిస్ ఒకే జాతి కాదనీ, ఆ పేరు క్రింద కనీసం 9 గూఢ జాతులు ఉన్నాయనీ 2015లో వెల్లడైంది. వీటిలో 'దక్షిణాసియా 1' అనేది ఇతర ఖండాలకు వ్యాపించిన ముఖ్యమైన జాతి.

వలస, వంశవృద్ధి

ఈ పురుగులలో ఫలదీకరణ చెందని గుడ్ల నుండి మగవి పుడతాయి. కాబట్టి మొక్కలతో పాటు ఒక్క ఆడ పురుగు చేరినా, తన కొడుకుతో జతకట్టి సంతతిని నిలపగలదు. మగవాటిలో ప్రతి జన్యువుకు ఒకే ప్రతి ఉంటుంది. అందువలన పురుగుమందును తట్టుకొనే అంతర్గత లక్షణం కూడా వాటిలో మరుగున పడదు. మందు చల్లినప్పుడు ఆ లక్షణం గలవి మిగిలి, అది త్వరగా వ్యాపిస్తుంది.

ఆగ్నేయాసియాకు చెందిన త్రిప్స్ పార్విస్పినస్‌ను భారతదేశంలో 2015లో బెంగుళూరు వద్ద బొప్పాయిపై గుర్తించారు. 2021లో ఇది ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణలలో మిరపకు తీవ్ర నష్టం కలిగించినది. ఆడ పురుగు ముదురు రంగులో ఉండుట వలన దీనిని నల్ల తామర పురుగు అంటారు. పాత తామర పురుగు ముఖ్యంగా లేత ఆకులను ఆశించి పైముడత కలిగిస్తుంది. నల్ల తామర పురుగు ఎక్కువగా పువ్వులలో చేరి, పూత రాలుటకు కారణమవుతుంది.

సాగులో ప్రాధాన్యం

ఏ పురుగో తెలియకుండా మందు చల్లితే ఖర్చు పెరుగుతుంది, తట్టుకొనే పురుగులు మిగులుతాయి. వైరస్‌ను పిల్ల పురుగు మాత్రమే గ్రహించగలదు. అది పెద్దదైన తరువాత జీవితాంతం వ్యాపింపజేస్తుంది. కనుక అసలు వాహకమేదో తెలిస్తేనే అది ఏ మొక్కలపై పెరుగుతుందో, ఏ కాలంలో వలస వస్తుందో అంచనా వేయవచ్చు. వేరుశనగలో తొలకరికే విత్తడం, మొక్కలను వత్తుగా ఉంచడం, జొన్న లేక సజ్జను అంతరపంటగా వేయడం మొవ్వు కుళ్ళు తెగులును తగ్గించే పద్ధతులు.

ఇవి కూడా చూడండి

ఇక్రిశాట్
వేరుశనగ
మిరప
తెల్లదోమ