ఎన్ని చుట్లు చుట్టాలి?

పిన్‌బాల్ ఆడుతున్నప్పుడు అద్దం కింద ఉక్కు గుండు పరుగులే కనిపిస్తాయి. దాన్ని పరిగెత్తించేవి బల్ల అడుగున దాగి ఉంటాయి. అవి సోలెనాయిడ్లు. బాబిన్ మీద చుట్టిన రాగి తీగ, నడుమ జారే ఇనుప కడ్డీ, అంతే. కరెంటు పారగానే కాయిల్ కడ్డీని లోపలికి లాగుతుంది, ఫ్లిప్పర్ లేస్తుంది, గుండు ఎగురుతుంది. ఇంట్లో సొంతంగా పిన్‌బాల్ కట్టుకునేవాళ్లలో కొందరు ఈ కాయిళ్లనూ తామే చుట్టుకుందామనుకుంటారు. అప్పుడు ఎదురయ్యే ప్రశ్న ఒకటే: ఎంత లావు తీగ, ఎన్ని చుట్లు? రెండు వందల ఏళ్ల కిందట పెద్ద పెద్దవాళ్లు తలపట్టుకున్న ప్రశ్న కూడా ఇదే.

కరెంటు పారే తీగ దగ్గర దిక్సూచి ముల్లు కదులుతుందని 1820లో ఆయిర్‌స్టెడ్ గమనించాడు. ఆ వార్త చేరగానే పారిస్‌లో ఆంపియర్ పని మొదలుపెట్టాడు. గొట్టంలా చుట్టిన తీగ అయస్కాంతంలా నడుచుకుంటుందని తేల్చి, గొట్టం అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి దానికి సోలెనాయిడ్ అని పేరు పెట్టాడు. 1825లో ఇంగ్లండ్‌లో విలియం స్టర్జన్ గుర్రపునాడాలా వంచిన ఇనుముకు తీగ చుట్టి చూపించాడు. 200 గ్రాముల ఇనుము 4 కిలోల బరువెత్తింది. చుట్లు మాత్రం 18. ఎందుకంటే అది ఒట్టి రాగి తీగ. పక్క పక్క చుట్లు తగిలితే కరెంటు అడ్డదారి పడుతుంది. అందుకే ఆయన ఇనుముకు వార్నిష్ పూసి, చుట్టుకూ చుట్టుకూ ఎడం వదిలాడు.

అసలు మలుపు అమెరికాలో, ఆల్బనీలో బడిపంతులుగా ఉన్న జోసెఫ్ హెన్రీ దగ్గర వచ్చింది. ఆయన ఇనుముకు కాదు, తీగకే తొడుగు వేశాడు, పట్టుతో. ఇక చుట్లు ఒకదాన్నొకటి ఒరుసుకున్నా భయం లేదు, పొర మీద పొర వేయొచ్చు. 1831లో యేల్ కళాశాల కోసం ఆయన చేసిన అయస్కాంతం 900 కిలోలకు పైగా మోసింది. నా దృష్టిలో అంతకంటే గొప్పది ఆయన పట్టుకున్న మరో సంగతి. ఒక్క సెల్ మాత్రమే ఉంటే పొట్టి తీగలు అనేకం విడివిడిగా చుట్టి పక్కపక్కన కలపాలి. వరుసగా కలిపిన చాలా సెల్స్ ఉంటే పొడవాటి ఒకే తీగ చుట్టాలి. అంటే కాయిల్‌కు తనంతట తానుగా మంచీ చెడూ లేదు, కరెంటిచ్చే మూలానికి జతపడాలి.

సొంతంగా కాయిల్ చుట్టేవాళ్లు తొలిసారి బోల్తా పడేది ఇక్కడే. చుట్లు పెంచితే బలం పెరుగుతుందనుకుంటారు. లెక్క వేసి చూడండి. అదే తీగతో చుట్లు రెట్టింపు చేస్తే తీగ పొడవూ రెట్టింపు, నిరోధమూ రెట్టింపు. వోల్టేజి మారలేదు కనుక కరెంటు సగమవుతుంది. బలాన్ని నిర్ణయించేది చుట్లను కరెంటుతో గుణించిన మొత్తం. అది ఉన్నచోటే ఉండిపోతుంది. పై పొరల్లో ఒక్కో చుట్టు ఇంకా పెద్దది కాబట్టి కాస్త తగ్గుతుంది కూడా. బలం కావాలంటే తీగ లావు పెరగాలి. చుట్లు పనికొచ్చేది కరెంటును అదుపులో పెట్టడానికి, కాయిల్ కాలిపోకుండా కాపాడటానికి.

పిన్‌బాల్‌లోకి ఈ విద్య ఆలస్యంగా వచ్చింది. 1871లో మాంటేగ్ రెడ్‌గ్రేవ్ పేటెంటు పొందిన బల్లలో గుండును తోసేది స్ప్రింగు. 1931 నాటి బాఫుల్ బాల్ ఆటలోనూ కరెంటు లేదు. 1933లో హ్యారీ విలియమ్స్ చేసిన కాంటాక్ట్ అనే ఆటలో బ్యాటరీతో నడిచే సోలెనాయిడ్ గుంతలో పడ్డ గుండును బయటికి తన్నింది. 1947లో గాట్లీబ్ కంపెనీ హంప్టీ డంప్టీకి ఆరు ఫ్లిప్పర్లు పెట్టింది, వాటికి జోరు తక్కువ. మరుసటి ఏడాది స్టీవ్ కోర్డెక్ ట్రిపుల్ యాక్షన్‌లో అడుగున రెండే ఫ్లిప్పర్లు పెట్టి, డీసీ కరెంటుతో వాటికి సత్తువ తెచ్చాడు.

సత్తువతో పాటు వేడీ వచ్చింది. ఆటగాడు బటన్ నొక్కిపట్టి ఫ్లిప్పర్‌ను లేపే ఉంచితే కాయిల్ నిమిషాల్లో మాడుతుంది. దానికి దొరికిన విరుగుడు నాకు ఎంతో ఇష్టం. ఒకే బాబిన్ మీద రెండు చుట్టుడులు. లావు తీగది దెబ్బ కొట్టడానికి, సన్న తీగది పట్టి ఉంచడానికి. కడ్డీ చివరిదాకా వెళ్లగానే ఒక స్విచ్ తెరుచుకుని సన్న తీగను దారిలోకి తెస్తుంది. గాలి సందు మూసుకుపోయాక కడ్డీని నిలిపేందుకు కాస్త కరెంటు చాలు.

ఫ్యాక్టరీ కాయిళ్ల పేర్లలోనే పాఠం ఉంది. ఏఈ-23-800 అంటే 23 గేజు తీగ, 800 చుట్లు. నిరోధం దాదాపు 4 ఓమ్‌లు. 50 వోల్టులకు 12 ఆంపియర్లు, అంటే 600 వాట్లు, అదీ రెప్పపాటు మాత్రమే. ఇది అమెరికన్ గేజు, 0.57 మిల్లీమీటర్లు. మన మోటారు వైండింగ్ షాపులో గేజు అంటే బ్రిటిష్ కొలత కనుక అక్కడ దీనికి దగ్గరది 24. పంపుసెట్టు మోటార్లకు చుట్టే ఎనామిల్ తీగే ఇక్కడా సరిపోతుంది.

మీరు చుట్టబోతుంటే ఒక మాట. తీగ బిగువు సడలనీయకండి, ఎనామిల్ గీరుకోనీయకండి. ట్రాన్సిస్టర్‌తో నడిపేట్టయితే కాయిల్‌కు అడ్డంగా డయోడ్ పెట్టడం మరవకండి, లేకపోతే కరెంటు ఆపిన క్షణాన కాయిల్ విసిరే వోల్టేజి ట్రాన్సిస్టర్‌ను చంపేస్తుంది. మొదటి కాయిల్ బాగా రాకపోయినా పారేయకండి. గేజు, చుట్లు, ఓమ్‌లు రాసి దానికే అంటించండి. రెండోది చుట్టేటప్పుడు అదే మీ కొలమానం.