మెట్టయు మెట్లును

గడచిన మాఘమాసమున వాల్తేరు మెట్టమీద నొక మిత్రుని గృహప్రవేశమునకు బోయియుంటిని. ఇల్లు సముద్రమువైపు దిగు నేటవాలున నున్నది. వీధినుండి లోనికి బోగానే కూర్చుండు గది. అందుండి తొమ్మిది మెట్లు దిగినచో వంటయిల్లును భోజనపు గదియు. తొమ్మిది మెట్లెక్కినచో, సరిగా ఆ వంటయింటి నెత్తిమీద, పడకగదులు. నడుమ గోడ లేదు. కొయ్యకమ్ముల పిట్టగోడ మాత్రమే యున్నది. క్రింద పోపు వేయుచున్న యిల్లాలు తల యెత్తినచో వీధిగుమ్మము కానవచ్చును. పైన గూర్చున్న యతిథి తల వంచినచో పొయ్యి కానవచ్చును. దీనిని మేడ యనుటకు వీలులేదు, ఒంటి యంతస్తు గల యిల్లనుటకును వీలులేదు. రెండవ ప్రపంచ యుద్ధము తరువాత అమెరికాలో పట్టణముల వెలుపలి పేటలయందు విరివిగా కట్టిన యీ రీతి యిండ్లకు స్ప్లిట్ లెవెల్ అని పేరు. మనము అరయంతస్తుల యిల్లనవచ్చును.

వచ్చినవారందరు చలువరాతిని గూర్చియు, టేకు తలుపులను గూర్చియు, సముద్రపు గాలిని గూర్చియు ప్రశంసించుచుండిరి. మా మిత్రుని తల్లిగారు ఎనుబదియేండ్లు దాటిన వృద్ధురాలు, పైమెట్లలో మూడవదానిపై గూర్చుండి యుండిరి. మెట్లు కష్టముగా నున్నవా యని నేనడుగగా ఆమె నవ్వి, "మా అత్తారింట్లో మెట్లు లేవు నాయనా, గడపలే ఉండేవి. మెట్టయితే కాళ్లునొచ్చినా ఎక్కొచ్చు. గడప దాటలేం కదా!" అనిరి.

ఆ మాటతో నాకు చలువరాళ్లపై నున్న దృష్టి పోయినది. మన యిండ్ల చరిత్రను ఎత్తుపల్లములను బట్టి యెందుకు చదువరాదని తోచినది.

మండువా లోగిలిని ఎరుగని చదువరి యుండడు. నడుమ వానకును వెలుతురునకును తెరచిన మండువా, చుట్టును వసారా, ముందు వీధియరుగు, వెనుక వంటయిల్లు, దానికి వెనుక దొడ్డి. చూచుటకు సమతలమే గాని యది నిజముగా అంతస్తుల యిల్లు. వీధిమట్టమున నిలుచువారు కొందరు, వారు అరుగెక్కరాదు. పొలము దున్నినవాడును, చెప్పులు కుట్టినవాడును ఎండలో నిలుచుండియే మాటలాడవలెను. అరుగుపై మగవారును, వారి లెక్కలును, వారి చతురంగమును. ఇంటి యాడువారికి పగటివేళ ఆ యరుగు పరదేశము. లోపల గడపకు గడపకు మడి హెచ్చుచు బోవును. అన్నిటికంటె మడి గల వంటయింటిలో వండు స్త్రీయే నెలకు మూడు దినములు దొడ్డిమూలకు దిగవలెను. భర్తను గోల్పోయినదైనచో వెనుక వసారాయే ఆమెకు యావజ్జీవ నివాసము. ఇంతటి సన్నని కొలతలు ఏ మేస్త్రీయు తాడు పట్టి వేయలేడు, వేసినది ఆచారము.

మన తీరమున బీదలకు వేరొక యిల్లుండెడిది. గుండ్రని మట్టిగోడ, నేలను తాకునంతగా దిగిన తాటాకు కప్పు గల చుట్టిల్లు. గాలివాన దానిని మొలబట్టి యెత్తలేక చుట్టు తిరిగి పోవును. ఒకే గదిలో అందరును నుండవలసినచోట ఎవరిని ఎంత దూరమున నుంచగలరు? నేనా యిండ్లను కొనియాడుట లేదు. పొగయు, చీకటియు, వాననీరును వాటి లోపలనే యుండెడివి. కాని ఆడుదాని పాదమునకు అడ్డముగా నుండిన గడప మాత్రము ఒకటే.

ఇక పట్టణమునకు వత్తము. 1682లో ఇంగ్లీషు కంపెనీవారు విశాఖపట్టణమున వర్తకశాల నెలకొల్పిరి. వారి కాపురము నేడు మనము వన్ టౌన్ అనెడి పాతపట్టణముననే, కోటగోడల చాటుననే. 1689లో ఔరంగజేబు సేనలు ఆ వర్తకశాలపై బడి యందలి వారిని వధించినవి. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ దానిని బట్టుకొనగా, మరుసటి యేట విజయనగర ప్రభువగు ఆనందగజపతి దానిని గైకొని ఇంగ్లీషువారి కప్పగించెను. అటుపిమ్మట వారికి కోటగోడల యక్కర తీరినది. గాలి యక్కర మొదలైనది. పాతపట్టణమునకు పడమట ఉప్పుటేరు, బురద, జ్వరములు. ఉత్తరమున వాల్తేరు మెట్ట: ఎర్రనేల, చల్లని గాలి. దొరలు మెట్ట యెక్కిరి.

ఆ బంగళాల కట్టడము గమనింపదగినది. ఎత్తయిన పునాది, నలుదిక్కుల వరండా, యావరణపు పల్లపు మూలన నౌకరుల గదుల వరుస, దూరముగా వంటశాల. మన లోగిలిలో గడపలు చేసిన పనిని అచట ఆవరణము చేసినది. పొగ, వాసన, నౌకరు, వీని కన్నిటికి దూరముగా నుండుటయే పెద్దరికమని మన ధనికులు ఆ బంగళాను జూచి నేర్చుకొనిరి. కొత్తగా నేర్వవలసిన దేమున్నది? పాత పాఠమునే ఇంగ్లీషులో చదివిరి.

అందరు నట్లే యుండిరని చెప్పినచో అన్యాయమగును. గోడే వెంకట జగ్గారావుగారు 1840 ప్రాంతమున డాబాతోటలోని తమ నివాసమున సొంత సొమ్ముతో నక్షత్రశాల నెలకొల్పిరి. వారి యల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు ఆ పనిని కొనసాగించిరి, ఏ.వీ.ఎన్. కళాశాల పేరున నేటికిని వినబడుచున్నది వారి పేరే. ఇంటియెత్తును ఆకాశమును జూచుటకు వాడుకొన్నవారు మన యూరనే యుండిరని సంతోషింపవచ్చును.

1930లో ఆంధ్ర విశ్వవిద్యాలయము బెజవాడనుండి వాల్తేరు మెట్టకు వచ్చినది. 1933 డిసెంబరు 19న విల్లింగ్డన్ ప్రభువు రేవును లాంఛనముగా ప్రారంభించెను. అంతవరకు దొరలదియు జమీందారులదియు నైన మెట్టపై జీతముపై బ్రతుకు ఆచార్యులును, వైద్యులును, రేవు ఉద్యోగులును ఇండ్లు కట్టుకొన మొదలుపెట్టిరి. 1942 ఏప్రిలు 6న జపానువారి బాంబులు పడగా జనము ఊరు విడిచి పోయినది, విశ్వవిద్యాలయము కొంతకాలము గుంటూరున తలదాచుకొనినది. యుద్ధము తీరిన పిదప వచ్చినవారు మరింత మంది. 1978లో నగరాభివృద్ధి సంస్థ యేర్పడిన తరువాత స్థలములు గీతలు గీచి పంచిన పేటలు పెరిగినవి. సీతమ్మధార, లాసన్స్ బే కాలనీ, కిర్లంపూడి లేఔటు, ఎం.వి.పి. కాలనీ అను పేర్లు పెండ్లిసంబంధములలో ఆస్తివలె వినబడునవైనవి.

ఇచట నొక మాట చెప్పక తప్పదు. 1966లో ఉక్కు కర్మాగారము కొరకు జరిగిన పోరాటమున 32 మంది ప్రాణములర్పించిరి. 1971 జనవరి 20న ఇందిరాగాంధి శంకుస్థాపన చేసినది. కర్మాగారము కొరకు ఊళ్లకు ఊళ్లే లేచిపోయినవి. అందలి లోగిళ్లును, చుట్టిండ్లును నేలమట్టమైనవి. వాటి పొరుగున వెలసిన ఉక్కునగరమున చెట్ల నీడయు, విశాలమైన బాటలును గలవు; ఉద్యోగపు హోదాను బట్టి యిండ్లకు తరగతులును గలవు. సమతలమైన నేలపై గూడ మెట్లు కట్టగల నేర్పు మనది.

మరల అరయంతస్తుల యింటికి. దీనియందు నేను మెచ్చునవి రెండు. మొదటిది, ఇది కొండను వంచక కొండకు వంగును. మెట్టపై సాధారణముగా నేటివారు చేయు పని యంత్రముతో ఏటవాలును తొలిచి, చదును చేసి, వెనుక నిలువుగోడ కట్టి, దానిపై చదునునేల యిల్లు పెట్టుట. మన కొండలది ఖొండలైటు రాయి; ఖోందులను మన గిరిజనుల పేరే దానికి బెట్టిరి. పైపొర ఎండకు వానకు ఎర్రమన్నుగా విరియును. తొలిచిన గోడ వెనుక ఆ మన్ను నీరు త్రాగి బరువెక్కినచో నేమగునో ఆషాఢ శ్రావణములలో మెట్టవారెరుగుదురు. నేల యెట్లు దిగునో ఇల్లట్లే దిగిన తొమ్మిది మెట్ల కట్టడమున ఆ తొలుపు తక్కువ. గాలి సంగతి వేరు: 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ తీరమును దాటినప్పుడు సముద్రముఖముగా పెద్ద అద్దములు పెట్టుకొన్నవారందరు చుట్టింటిని తలచుకొనియుందురు.

రెండవది, వంటయిల్లు కనబడుట. ఇది చిన్న విషయముగా తోచవచ్చును. వంటకత్తె యెవరో, ఎంతసేపు నిలుచుండెనో, ఎవరు తిని లేచిన తరువాత తినెనో కూర్చుండు గదిలోని వారికి ఎదుట కానవచ్చును. ఆనాడు మా మిత్రుడు మాటల నడుమ రెండుమారులు క్రిందికి దిగి పళ్లెములు తెచ్చెను. గోడ యున్నచో తెచ్చెడివాడా? నాకు సందేహము.

లోపము లేదా? ఉన్నది. వీధిమట్టమున పడకగది లేదు. వృద్ధురాలు పడుకొనుటకు తొమ్మిది మెట్లెక్కవలెను, భోజనమునకు పదునెనిమిది దిగవలెను. ఆమె వినోదముగా మాటలాడినను మోకాలు వినోదపడదు. ఇట్టి యిల్లు కట్టువారు కూర్చుండు గది ప్రక్కన స్నానపు గదితో గూడ నొక గదిని ముసలివారికి మొదటనే విడువవలెను. రోగికిని, బాలెంతరాలికిని అదియే పనికివచ్చును. పటము గీయునాడు పది నిమిషములలో తీరు సంగతి యిది. కట్టిన పిదప లక్షలు పోసినను తీరదు.

భోజనము లైన పిదప నేను క్రింది తోటలోనికి పోతిని. వంటయింటి వెనుకగా, వీధి ప్రక్క సందునుండి సన్నని ఇనుపమెట్లు దిగుచున్నవి. వాటిపై నొక పనిమనిషి స్టీలు గ్లాసుతో కాఫీ త్రాగుచు గూర్చుండి యుండెను. లోపల వారందరికి పింగాణి కప్పులు. ఈ మెట్లెందుకని మిత్రుని నడిగితిని. అతడు కొంత తడబడి, "పటము గీసినాయనే వేసినాడండి. అందరి యిండ్లకూ వేస్తారట. నేనడగలేదు" అనెను.

అతని భార్య గిన్నె లెత్తుచు మా మాట వినుచుండెను. ఆమె యేమియు ననలేదు. ఆ స్టీలు గ్లాసును మాత్రము తెచ్చి లోపలి గ్లాసుల వరుసలో బోర్లించినది.