కలివికోడి: ఫొటో కంటే ముందు చూసిన కళ్లు

ఫొటో లేకపోతే ఆ జంతువే లేదనుకునే రోజులివి. కలివికోడి సంగతి చూడండి. 1900 తర్వాత శాస్త్రవేత్తలకు అది కనబడలేదు, అంతరించిపోయిందనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర ఐతన్న అనే వేటగాడు రాత్రిపూట టార్చి వెలుగులో దాన్ని పట్టుకున్నాడు. అది రాత్రి తిరిగే పిట్ట మరి!

తర్వాత పరిశోధకులు ఆ పొదల్లో మెత్తటి మట్టి పరిచి అడుగుజాడలు వెతికారు, పిట్ట అటు వస్తే దానంతటదే ఫొటో తీసే కెమెరాలు పెట్టారు. కెమెరాలో పడలేదంటే లేదని కాదు, సరైన చోట, సరైన వేళ చూడలేదేమో. ఆ చోటు, ఆ వేళ అడవిలో తిరిగే మనిషికే ముందు తెలుస్తాయి.

అందుకే సెలవులకు ఊరెళ్లినప్పుడు పిట్ట ఫొటో ఒక్కటే తీసి వదిలేయొద్దు. మన భాషలో దాని పేరేంటో, ఎప్పుడు తిరుగుతదో తాతల్ని, అవ్వల్ని అడిగి ఫొటో కింద రాయండి.