చమురు కంపెనీలు - పరదేశ కార్మికుని యుద్యోగ భద్రత

ఏరు దాటువరకు ఓడమల్లయ్య, దాటిన పిదప బోడిమల్లయ్య యని మనలో నొక సామెత కలదు. అక్కఱ యున్నంతకాలము ఆదరముతో పిలిచి, అక్కఱ తీరినంతనే మొగము త్రిప్పుకొనువారినిగూర్చి పెద్దలు దీనిని చెప్పిరి. సముద్రము దాటిపోయి చమురు కంపెనీలలో కష్టపడిన మనవారి చరిత్రను చదువునపుడెల్ల ఈ సామెతయే మాకు స్ఫురించుచుండును. చమురు వెల పెరిగినపుడు పిలుపు. వెల తగ్గినపుడు తిరుగు టిక్కెట్టు. ఈ రెంటి నడుమ కార్మికునకు స్వంతమని చెప్పదగిన దేమైన నుండెనా? నూఱేండ్ల చరిత్ర దీనికేమి సమాధానము చెప్పుచున్నదో విచారింతము.

చమురుతో మన తెలుగువారి సంబంధము గల్ఫు దేశములతో ఆరంభము కాలేదు, బర్మాతో ఆరంభమైనది. 1886లో స్థాపితమైన బర్మా ఆయిల్ కంపెనీ ఐరావతీ తీరమున యెనాంజాంగ్ బావులనుండి తీసిన ముడిచమురును రంగూనునకు సమీపమున, పెగూ నదికి ఆవలియొడ్డున నున్న సిరియములో శుద్ధి చేయుచుండెను. కాకినాడ, విశాఖపట్టణము, భీమునిపట్టణము రేవులలో ఓడలెక్కిన మనవారు రంగూను రేవులో బస్తాలు మోసిరి. బియ్యపు మిల్లులలో పాటుపడిరి. సిరియము కర్మాగారములోను పనికి కుదిరిరి. పాత కోరంగి రేవు పేరునుబట్టి అచ్చటివారు వీరిని కోరంగీలని పిలుచుచుండిరి.

ఈ కూలివాని పని కంపెనీ చేతిలోకంటె మేస్త్రి చేతిలో నెక్కువగా నుండెను. ఓడ కిరాయికిని ఇంటి ఖర్చునకును మేస్త్రి ముందుగా బయానా యిచ్చును. ఆ యప్పు తీరువరకు కూలివాడు అతని ముఠా విడిచి పోరాదు. కూలి సొమ్ము మేస్త్రి ద్వారా వచ్చును. అతడు తన భాగము మినహాయించుకొని మిగిలినది పంచును. పని తగ్గినపుడు దొరలు మేస్త్రితో మాటాడుదురు గాని కూలివానితో మాటాడరు. కావున కూలివానికి అప్పు నిశ్చయము, పని యనిశ్చయము.

నిలుకడలేని పని పేదవానిని దరిద్రుని చేయుటతో ఆగదు. వానిని మఱియొక పేదవానికి శత్రువును గూడ చేయును. 1930 మే నెలలో రంగూను రేవున తెలుగు కూలీలు సమ్మె కట్టిరి. వారి స్థానమున బర్మీయులను తెచ్చి పని నడిపించిరి. సమ్మె ముగిసి మనవారు తిరిగి పనిలో చేరగా, బర్మీయులను పొమ్మనిరి. మే 26వ తేదీన రెండు పక్షముల కూలీలకు కలహము పుట్టి నగరమంతయు వ్యాపించెను. మనవారు పెక్కండ్రు ప్రాణములు కోల్పోయిరి. ఆ రెండు పక్షములవారికిని పని యిచ్చువాడు ఒక్కడే. వాడు మాత్రము చెక్కుచెదరలేదు.

1937 ఏప్రిలు 1వ తేదీన బర్మా భారతదేశమునుండి వేరుపడెను. ముందటి దినమువరకు ఒకే ప్రభుత్వము క్రింద మఱియొక రాష్ట్రములో పనిచేయుచుండినవాడు మఱునాటికి పరదేశి యయ్యెను. అయిదేండ్లకు యుద్ధము వచ్చెను. చమురు జపానువారి చేతికి చిక్కరాదని 1942 మార్చి 7వ తేదీన సిరియము కర్మాగారమును, ఏప్రిలులో యెనాంజాంగ్ బావులను బ్రిటిషువారే ధ్వంసము చేసిరి. లక్షలకొలది భారతీయులు అరకాను కొండలమీదుగాను, మణిపురపు దారులలోను కాలినడకను స్వదేశమునకు బయలుదేరిరి. ఆకలిచేతను, విషూచిచేతను, మలేరియాచేతను దారిలో నేలకొరిగినవారు వేలకొలది.

ఆ యగ్నిలో కంపెనీయు నష్టపడెను, కార్మికుడును నష్టపడెను. పిదప నేమి జరిగెను? తన యాస్తిని ప్రభుత్వమే తగులబెట్టించినది గనుక పరిహారము చెల్లింపవలెనని కంపెనీ వ్యాజ్యము వేసెను. 1964లో బ్రిటిషు ప్రభువుల సభ కంపెనీ పక్షముననే తీర్పు చెప్పెను. 1965లో పార్లమెంటు ప్రత్యేక శాసనము చేసి ఆ తీర్పును నిష్ఫల మొనర్చెను. కంపెనీ గెలిచెనా యోడెనా యనునది ఇచ్చట మాకు ముఖ్యము కాదు. దాని యాస్తికి లెక్క యుండెను. తలుపు తట్టుటకు న్యాయస్థాన ముండెను. ఇరువది యేండ్లు పోరాడుటకు శక్తి యుండెను. అరకాను కొండలు దాటివచ్చిన కూలివాడు పోగొట్టుకొన్న పని యే లెక్కలోను ఆస్తి కాలేదు.

ఇక పర్షియా సంగతి. 1908లో మస్జిదె సులేమానులో చమురు బయల్పడగా, మఱుసటి యేడు ఆంగ్లో పర్షియన్ ఆయిల్ కంపెనీ యేర్పడెను. దీనికి పెట్టుబడి పెట్టినదియు బర్మా ఆయిల్ కంపెనీయే. అబాదాను కర్మాగారమునకు నేర్పరులు కావలసివచ్చినపుడు రంగూనులో పని నేర్చిన భారతీయులను, బొంబాయి మొదలగు రేవులనుండి మఱికొందఱను గడువు ఒప్పందములపై తీసికొనిపోయిరి. 1920 డిసెంబరులో ఆ భారతీయులు సమ్మె చేసి కూలి పెంపు సాధించిరి. 1922లో మరల సమ్మె చేసినపుడు సుమారు 2,000 మందిని ఓడలెక్కించి స్వదేశమునకు పంపివేసిరి. స్థానిక కార్మికుని తొలగించినచో వాడు ఊరిలోనే యుండి మఱునాడు ద్వారమువద్ద నిలిచి అడుగగలడు. పరదేశ కార్మికుని తొలగించినచో వాని గొంతుకూడ ఓడలో పోవును. ఈ సౌకర్యమును కంపెనీ ఆనాడే కనుగొనెను.

1933లో ఇరాను ప్రభుత్వముతో జరిగిన క్రొత్త ఒడంబడికలో ఇరానీయులు కాని యుద్యోగులను ఏటేట తగ్గించి, వారి స్థానములలో ఇరానీయులను నియమింపవలెనని యొక నిబంధన చేర్చిరి. ఇది న్యాయమే. తన నేలలోని చమురుపై తన బిడ్డలకు మొదటి హక్కు కలదని ఏ దేశ మడిగినను మేము తప్పుపట్టజాలము. 1951లో ఇరాను ఆ పరిశ్రమను జాతీయము చేయగా, అక్టోబరు తొలి దినములలో కంపెనీ యొక్క బ్రిటిషు యుద్యోగులును అబాదాను విడిచిపోయిరి. కాని 1954 ఒడంబడికలో కంపెనీకి ఇరాను పదియేండ్లలో 2 కోట్ల 50 లక్షల పౌనులు పరిహారముగా నిచ్చుటకు ఒప్పుకొనెను. ఇచ్చటను కంపెనీ నష్టమునకు పద్దు దొరకెను.

ఇపుడు గల్ఫునకు వత్తము. 1932లో బహ్రెయినులోను, 1938లో కువైటు, సౌదీ అరేబియాలలోను చమురు పడెను. 1973లో దాని వెల పెరిగిన పిదప కరీంనగరము, నిజామాబాదు, కడప, గోదావరి ప్రాంతములనుండి మనవారు అధికముగా పోజొచ్చిరి. ఉత్తర తెలంగాణ పల్లెలలో గల్ఫులోని యే దేశమునకు పోయినను దుబాయి పోయినాడనియే యందురు. అచ్చట మేస్త్రి స్థానమున ఏజెంటు, బయానా స్థానమున ఊరి వడ్డీయప్పు, ముఠా స్థానమున కఫాలా నిలిచెను. కఫీలనగా జామీను నిలుచు యజమాని. కార్మికుని నివాసానుమతి వాని పేరితో ముడిపడియుండును. అందుచేత పని పోయిననాడు జీతముతోపాటు ఆ దేశమున నిలుచు హక్కును పోవును.

చమురు కంపెనీలు స్వంత జీతగాండ్రను కొందఱినే యుంచుకొనును. బావులు త్రవ్వుట, గొట్టములు పరచుట, మరమ్మతు, వంట, కాపలా మొదలగు పనులు పెక్కు కాంట్రాక్టరులకును, వారినుండి ఉప కాంట్రాక్టరులకును పోవును. వెల పడినపుడు కంపెనీ మొదట క్రొత్త పనుల నాపును. అంతట కాంట్రాక్టరు బిల్లు ఆగును. తుది మెట్టున నున్నవానికి జీత మాగును. 2014 జూనులో పీపా 115 డాలర్లకు చేరిన బ్రెంటు చమురు 2016 జనవరిలో 30 డాలర్లకు దిగువ పడెను. చమురు బావుల పనులుచేయు ష్లంబర్జే సంస్థ యొక్కటియే 2015 తొలి నాలుగు నెలలలో 20,000 ఉద్యోగములు తీసివేయుదునని ప్రకటించెను. చమురు రాబడిపై నాధారపడిన కట్టడపు పనులును ఆగిపోయెను. 2016లో సౌదీ అరేబియాలో వేలకొలది భారతీయులు నెలల తరబడి జీతము లేక, శిబిరములలో అన్నమునకై ఎదురుచూచిరి. మన రాయబార కార్యాలయమువారు వారికి ఆహారము పంపవలసివచ్చెను.

వారికి శాసనమున హక్కు లేదా? కలదు. సౌదీ శాసనము ప్రకారము యజమాని తొలగించిన కార్మికునకు మొదటి అయిదేండ్లకు ఏటికి అరనెల జీతము, ఆపైన ఏటికి నెల జీతము సేవాంత ధనముగా రావలెను. కాని ఆ ధన మడుగుటకు అచ్చట నిలువవలెను. నిలుచుటకు అనుమతి కావలెను. అనుమతి బాకీదారుని చేతిలోనే యున్నది. ఋణదాత దేశములో నుండుటకు ఋణగ్రస్తుని దయ కావలసిన విచిత్ర వ్యవహార మిది. అందుచే అనేకులు రావలసిన సొమ్ము వ్రాయించిపెట్టి వట్టిచేతులతో విమానమెక్కిరి.

పిమ్మట కొన్ని సంస్కరణములు జరిగినవి. కతారు 2018లో కార్మికులకొక సహాయనిధిని శాసనముచే నేర్పఱచి, 2020లో యజమాని సమ్మతిలేకయే పని మారుటకు వీలు కల్పించెను. సౌదీ అరేబియాయు 2021లో కొంతవఱకు ఆ వీలు కల్పించి, 2024లో సంస్థ జీతములు చెల్లింపలేనపుడు పరదేశ కార్మికుల కుపకరించు భీమాను నెలకొల్పెను. ఇవి స్వల్పములు కావు. పరదేశ కార్మికుని జీతము దయాధర్మము కాదనియు, వాని యాస్తి యనియు శాసనము ఒప్పుకొనుటకు ఇవి తొలి మెట్లు.

వెల పడినపుడు ఏ కంపెనీ యైనను అందఱిని పోషింపగలదా యని కొందఱడుగుదురు. పోషింపలేదు. శాశ్వతోద్యోగ మిమ్మని మేము కోరము. స్థానికుల హక్కును కాదనము. మేము కోరునవి మూడే: కంపెనీ యితర బాకీలకంటె ముందు కార్మికుని జీతము తీరవలెను, పని పోయినవానికి వేఱొక పని వెదకుకొనుటకు గడువుండవలెను, ఇల్లు చేరిన తరువాతను వాని దావా సజీవముగా నుండి, మన ప్రభుత్వము దానిని నడుపవలెను. ఈ మూడవది ముఖ్యముగా మన పని. తిరిగివచ్చినవారిని విమానాశ్రయమున పూలతో నెదుర్కొనుట సులభము. వారికి రావలసిన జీతపు లెక్కను ఏండ్లతరబడి వెంటాడుట కష్టము.

చదువరులారా! మీ యూర దుబాయి పోవుటకు సిద్ధమైన చిన్నవాడున్నచో, జీత మెంత యని అడుగుటకు ముందు, పని పోయిననాడు నీకేమి వచ్చునని యొప్పందములో వ్రాసిరని యడుగుడు. ఆ కాగితమును చదివి చెప్పుడు; దాని నకలు ఇంట నుంచుడు. ఓడ యెక్కుటకు ముందు అడుగవలసిన ప్రశ్నను ఏరు దాటిన పిదప అడిగిన లాభము లేదు.