రజులా చరిత్ర

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్రాయమని కార్యదర్శిగారు కోరారు. రాజుల చరిత్ర చాలామంది వ్రాసినారు గనుక నేను రజులా చరిత్ర వ్రాస్తున్నాను.

రజులా ఒక ఓడ. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీవారు 1926లో గ్లాస్గోలో కట్టించి మద్రాసు, నాగపట్నం, పెనాంగు, సింగపూరు మార్గంలో నడిపారు. మన చిత్తూరు జిల్లా నుంచి మలయా తోటలకు పోయిన కూలీజనం ఎందరో దాని డెక్కుమీద చాపలు పరచుకొని పోయినవారే. ఒక్కసారికి 5 వేలమందికి పైగా డెక్కు ప్రయాణికులను ఎక్కించుకొనేది. రెండవ ప్రపంచయుద్ధంలో సైనికులనూ మోసింది. మనల్ని 58 ఏండ్లకే ఇంటికి పంపారు గాని, దానికి 47 ఏండ్ల సర్వీసు! 1973లో షిప్పింగ్ కార్పొరేషన్‌వారు కొని, అండమానులోని రంగత్ ఊరిపేరు పెట్టారు. మరుసటి ఏడు బొంబాయిలో తుక్కుకింద పోయింది.

ఆ దారిలో తర్వాత నడిచింది చిదంబరం. అది 1966లో ఫ్రాన్సులోని డంకర్కులో తయారైనది. మొదటిపేరు పాశ్చర్. కుక్కకాటుకు టీకా కనిపెట్టిన ఆయన పేరే. దక్షిణ అమెరికాకు తిప్పుతుండిన ఫ్రెంచి కంపెనీవారు 1972లో మన కార్పొరేషన్‌కు అమ్మారు.

నేను ఉయ్యాలలో ఉండగా రజులాలో పోయిన మా చిన్నాయన 1976లో చిదంబరంలో తిరిగివచ్చినాడు. అవ్వకు జబ్బుగా ఉందని జాబు వ్రాస్తే బయలుదేరినాడు. ఓడ సముద్రంలో ఉండగానే అవ్వ పోయింది. మా నాయన అప్పటికే లేనందున కర్మ నేనే చేసినాను. క్యాజువల్ లీవు పెట్టి, పుత్తూరులో రాత్రి బస్సెక్కి, ఎట్లా చెప్పాలో దారిపొడుగునా అనుకొంటూ మద్రాసు హార్బరు గేటు దగ్గర నిలబడ్డాను.

పచ్చపెట్టె మోసుకొని వచ్చినాడు. ఫోటో చూసి ఉన్నాడు గనుక గుర్తుపట్టి, నా గుండు నిమిరి, "కొండకు పోయొచ్చినావా అబ్బోడా? అమ్మకు నయమైందా?" అన్నాడు.

నా నోట మాట రాలేదు. కొంతసేపటికి ఆయనకే అర్థమై పెట్టెమీద కూర్చున్నాడు. కూలీ వచ్చి అడిగేదాకా లేవలేదు.

1985 ఫిబ్రవరి 12న సింగపూరు నుంచి వస్తున్న చిదంబరంలో మంటలు లేచి దాదాపు 40 మంది చనిపోయారు. ఆ ఓడ మళ్ళీ ప్రయాణికులను ఎక్కించుకోలేదు. అదీ తుక్కుకే పోయింది. పేపరు చదివిన చిన్నాయన ఆ పూట అన్నం ముట్టలేదు.

పెట్టె మా ఇంట్లోనే ఉంది. ఓడవారి చీటీ సగం చిరిగినా, పేరు చదవవచ్చు. నా పెన్షను కాగితాలు అందులోనే పెట్టుకొన్నాను.