గృహ సౌర విద్యుత్తు: ఉత్పత్తి, వినియోగ సమతూకం

గృహ సౌర విద్యుత్తు సమతూకం అనగా ఇంటి పైకప్పుపై అమర్చే సౌర ఫలకాల సామర్థ్యాన్ని ఆ ఇంటి విద్యుత్ వినియోగానికి తగినట్లు నిర్ణయించుట. ఫలకాలు తక్కువైతే అధిక ధర గల యూనిట్లను కొనవలసి వస్తుంది. ఎక్కువైతే పెట్టుబడికి తగిన ఫలితం దక్కదు. తెలంగాణలోని నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లి ప్రాంతానికి తెలంగాణ ఉత్తర విద్యుత్ పంపిణీ సంస్థ విద్యుత్తును సరఫరా చేస్తున్నది.

ఉత్పత్తి

ఒక కిలోవాట్ సామర్థ్యం గల ఫలకాలకు నీడ పడని సుమారు 10 చదరపు మీటర్ల స్థలం అవసరం. ఇవి సగటున రోజుకు 4 యూనిట్లు, నెలకు సుమారు 120 యూనిట్లు ఉత్పత్తి చేస్తాయి. డిచ్‌పల్లి సుమారు 18.6 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉన్నందున ఫలకాలను దక్షిణ ముఖంగా, దాదాపు అంతే వాలుతో అమర్చుతారు. జూన్ నుండి సెప్టెంబరు వరకు మబ్బుల వలన ఉత్పత్తి తగ్గుతుంది. వేసవిలో ఎండ ఎక్కువైనా వేడి వలన కొంత నష్టం కలుగుతుంది. ఫలకం ఉష్ణోగ్రత 25 డిగ్రీల సెల్సియస్ దాటిన తరువాత ప్రతి డిగ్రీకి ఉత్పత్తి 0.3 నుండి 0.4 శాతం క్షీణిస్తుంది. 65 డిగ్రీల వద్ద ఈ నష్టం 12 నుండి 16 శాతం వరకు ఉంటుంది.

వినియోగం

ఉత్పత్తి మధ్యాహ్నం గరిష్ఠంగా ఉండగా, ఇళ్లలో దీపాలు, ఫ్యాన్లు, ఏసీల వాడకం రాత్రివేళ ఎక్కువ. ఉదాహరణకు నెలకు 300 యూనిట్లు, అనగా రోజుకు 10 యూనిట్లు వాడే ఇంట్లో పగటి వాడకం 3 యూనిట్లే అనుకుంటే, 2 కిలోవాట్ల ఫలకాలు ఇచ్చే 8 యూనిట్లలో 5 గ్రిడ్‌కు వెళ్తాయి. రాత్రి 7 యూనిట్లు గ్రిడ్ నుండి వస్తాయి. నెట్ మీటరు ఈ రెంటినీ నమోదు చేస్తుంది. తేడాకు మాత్రమే బిల్లు వస్తుంది. కనుక నీటి మోటారు, వాషింగ్ మెషీన్ వంటివి పగలు వాడినా రాత్రి వాడినా ఈ విధానంలో బిల్లు మారదు. బ్యాటరీపై ఆధారపడిన ఇంట్లో మాత్రం పగటి వాడకం వలన చిన్న బ్యాటరీ సరిపోతుంది.

సామర్థ్య నిర్ణయం

వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర పెరుగుతుంది కాబట్టి మొదటి కిలోవాట్ వలన కలిగే ఆదా అన్నిటికన్నా ఎక్కువ. 2022-23 టారిఫ్ ప్రకారం, స్థిర ఛార్జీలు కాక, 300 యూనిట్లు వాడే ఇంటి నెల బిల్లు ఇలా ఉంటుంది:

* ఫలకాలు లేనపుడు: 1,790 రూపాయలు
* 1 కిలోవాట్‌తో (నికరంగా 180 యూనిట్లు): 724 రూపాయలు
* 2 కిలోవాట్లతో (నికరంగా 60 యూనిట్లు): 128.50 రూపాయలు

మొదటి కిలోవాట్ 1,066 రూపాయలు, రెండవది 595.50 రూపాయలు ఆదా చేస్తాయి. మూడవ కిలోవాట్ వలన బిల్లులో తగ్గేది మిగిలిన 128.50 రూపాయలు మాత్రమే. 60 యూనిట్లు మిగులుగా గ్రిడ్‌కు చేరతాయి. వాడకం ఋతువును బట్టి మారుతుంది కాబట్టి ఒక నెల బిల్లును కాక పన్నెండు నెలల బిల్లుల సగటును లెక్కకు తీసుకోవాలి.

ప్రభుత్వ పథకాలు

2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన పీఎం సూర్యఘర్ పథకం కింద 1 కిలోవాట్‌కు 30,000, 2 కిలోవాట్లకు 60,000, 3 కిలోవాట్లు లేదా అంతకు మించితే 78,000 రూపాయల రాయితీ నిర్ణయించారు. అదే నెలలో తెలంగాణ ప్రభుత్వం ప్రారంభించిన గృహజ్యోతి పథకం కింద అర్హత గల ఇళ్లకు నెలకు 200 యూనిట్ల వరకు బిల్లు లేదు. ఇట్టి ఇంటికి సౌర ఫలకాల వలన తగ్గే బిల్లు అంటూ ఉండదు. 200 యూనిట్లు దాటే ఇళ్లకే వీటి ప్రయోజనం ఎక్కువ.

పరిమితులు

బ్యాటరీ లేకుండా గ్రిడ్‌కు అనుసంధానించిన ఇన్వర్టర్, విద్యుత్ కోత సమయంలో ఎండ ఉన్నా తనంతట తానే ఆగిపోతుంది. లైన్లపై పనిచేసే సిబ్బంది భద్రత కొరకు ఈ ఏర్పాటు ఉన్నది. కోతల సమయంలోనూ విద్యుత్తు కావలసినవారు బ్యాటరీ గల హైబ్రిడ్ ఇన్వర్టర్‌ను అమర్చుకోవలసి ఉంటుంది.